అందరూ కొంచెమే పెట్టిన ఎద్దు

పాల కంపెనీ దాణా విభాగంలో కొత్తగా చేరే పిల్లలకు మొదటి రోజు ఒక టోపీ, ఒక భుజం సంచి, ఒక రంగుల పుస్తకం ఇస్తారు. పుస్తకంలో ఆవును నిలువునా కోసినట్టు ఒక బొమ్మ ఉంటుంది. నాలుగు అరల కడుపు, బాణం గుర్తులు, మేత ఎటు వెళ్లి ఎటు తిరిగి వస్తుందో అంతా స్పష్టంగా గీసి ఉంటుంది. బొమ్మలో తప్పేమీ లేదు. కాకపోతే ఆ ఆవు చుట్టూ ఇల్లు ఉండదు. అత్తగారు ఉండదు, ఫోన్లో వీడియోలు చూసే కొడుకు ఉండడు, దాయాదులతో పంతాలు ఉండవు. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ అట్లాంటి ఒంటరి ఆవును ఒక్కదాన్ని కూడా చూడలేదు.

నేను పశువైద్యురాలిని కాదు. ఇంటర్ వరకు చదివి, గురజాల వైపు ఒక పాల కేంద్రంలో పాలు పరీక్షించే పనికి కుదిరాను. అంకెలంటే ఇష్టం కాబట్టి ఏ గేదె ఏం తింటే పాలు ఎట్లా మారుతున్నాయో గమనించడం మొదలుపెట్టాను. ఆ గమనింపు చూసి కంపెనీ నన్ను దాణా సూపర్‌వైజర్‌ని చేసింది. జనం దాణా మేడం అన్నారు. ఆ తర్వాత కంపెనీ దాణా తయారీ మానేసింది. మాలో కొందరం రిటైర్మెంటుకు నాలుగేళ్లు ముందుగానే ఇంటికి వచ్చేశాం. ప్రమోషన్ల గురించి రాయను. రాయాలన్నా పెద్దగా లేవు. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు పనికొస్తాయనుకున్నవి మాత్రం రాస్తాను.

కడుపులో కాపురం ఉండేవాళ్లు

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. మనం పశువును మేపడం లేదు. పశువు కడుపులోని సూక్ష్మజీవులను మేపుతున్నాం. పశువు మొదటి కడుపు పెద్ద తొట్టి లాంటిది. అందులో ఉండే కోటానుకోట్ల జీవులు చొప్పను, గడ్డిని నానబెట్టి, పులియబెట్టి, పశువుకు బలంగా మారుస్తాయి. పశువు వాటికి నీడా నీళ్లూ ఇస్తుంది. ఈ ఒప్పందంలో మనిషికి చోటు లేదు. అయినా మనిషి రోజూ వచ్చి తలదూరుస్తాడు.

ఈ కాపురస్తులకు మార్పు గిట్టదు. చొప్ప తినేవాటికి మెల్లగా పిండి అలవాటు చేస్తే సర్దుకుంటాయి. ఒక్కసారిగా పిండీ బెల్లం కుమ్మరిస్తే చొప్ప మీద బతికేవి వెనకబడి, తీపి మీద బతికేవి చెలరేగుతాయి. అవి పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపుకు మిగతావన్నీ చస్తాయి. ఒంట్లో ఉన్న నీరంతా కడుపు లాక్కుంటుంది, నెత్తురు చిక్కబడుతుంది, పశువు తూలుతుంది. బతికినా ఆ విషం గిట్టలదాకా పాకి కుంటి చేస్తుంది. చావు కడుపులో మొదలవుతుంది కానీ, చూసేవాడికి మొదట కనిపించేది ఇదొక్కటే: నెమరు ఆగుతుంది.

అందుకే కొత్తవాళ్లకు చెబుతున్నాను. ఒక ఇంటికి వెళ్లగానే దాణా సంచి దగ్గరికి పోకండి. పడుకున్న పశువు దవడ చూడండి. ఒక ముద్దను నమలడం లెక్కపెట్టండి. యాభైకి అటూఇటూ నమిలితే ఇంట్లో చొప్ప ఉన్నట్టు. ముప్పై దగ్గరే మింగేస్తుంటే ఇంట్లో ప్రేమ ఎక్కువై చొప్ప తక్కువైనట్టు. తర్వాత పేడ చూడండి. ఇంటివాళ్లు మర్యాదకు అబద్ధం చెప్పవచ్చు, పేడకు మర్యాద తెలియదు.

మా మేనేజరుగారి వేసవి

ఒక వేసవిలో మాచర్ల వైపు ఊళ్లలో పాలలో ఫ్యాటు పడిపోయింది. చొప్ప దొరక్క జనం గేదెలకు దాణా పెంచారు. మా మేనేజరుగారు చాలా చదువుకున్న మనిషి, చేతికింద వాళ్లను ఒక్క మాట అనేవారు కాదు. ఆయన దగ్గర ప్రతి సమస్యకూ ఒకే జవాబు ఉండేది.

"ఫ్యాటు పడిందా? దాణా ఇంకో కిలో పెంచమనండి" అన్నారు.

నేను ఇల్లిల్లూ తిరిగి చూశాను. దాణా ఎక్కువైన ఇళ్లలోనే ఫ్యాటు మరీ పడింది. పాలలో వెన్న తయారవడానికి కావలసిన సరుకు కడుపులో చొప్ప పులిస్తేనే పుడుతుంది. చొప్ప తగ్గించి దాణా పెంచితే పాలు పలచబడతాయి. తూకాలు వేసుకుని వెళ్లి ఆయన ముందు పెట్టాను. శ్రద్ధగా విన్నారు.

"అంటే చొప్ప పెంచాలంటావు."

"అవును సార్."

"మనం చొప్ప అమ్ముతున్నామా?"

"లేదు సార్."

"మరి?" అన్నారు, చాలా మృదువుగా.

ఆ వేసవి రైతులు దాణా పెంచారు, ఫ్యాటు ఇంకా పడింది, పడినందుకు ఇంకా పెంచారు. వానలు పడి పచ్చిమేత వచ్చాక ఫ్యాటు దానంతట అదే లేచింది. మా దాణా గుణం అని కంపెనీ ఒక కరపత్రం వేసింది. దాన్ని ఇల్లిల్లూ పంచింది నేనే.

గోనెపట్టాల వెనక

ఇప్పుడు చెప్పబోయేది ఒక్క ఎద్దు కథ. నా ఉద్యోగంలో నేర్చుకున్నదంతా ఆ ఒక్క పూటలో ఉంది.

మా వైపు తిరునాళ్లలో బండలాగుడు పోటీలు ఎట్లా జరుగుతాయో పల్నాడు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒంగోలు గిత్తల జత కట్టి, పెద్ద రాతిబండ వెనక తగిలించి, ఇచ్చిన సమయంలో ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్లది గెలుపు. గిత్తలు లాగుతాయి, పేరు ఇంటికి వస్తుంది. అందుకని పోటీకి నెల ముందునుంచి గొడ్లచావిడికి గోనెపట్టాలు కడతారు. బయటివాళ్ల కన్ను పడకూడదు. అంతకంటే ముఖ్యం, ఏం మేపుతున్నారో తెలియకూడదు. ప్రతి ఇంటికీ ఒక రహస్యపు దాణా ఉంటుంది. ఆ రహస్యం కొడుక్కి చెబుతారు, అల్లుడికి చెప్పరు.

వెంకటప్పయ్య గారి జత పేర్లు రాజా, చిట్టి. రాజా అంటే ఆ ఇంట్లో అందరికీ ప్రాణం. పిలిస్తే తల తిప్పేది, గంగడోలు నిమిరితే కళ్లు మూసుకునేది. చిట్టికి తన్నే అలవాటు ఉంది. దాని దగ్గరికి పనిమీద తప్ప ఎవరూ వెళ్లేవారు కాదు.

తిరునాళ్లు దగ్గర పడ్డ ఒక ఉదయం నేను ఆ ఊరి పాల కేంద్రంలో ఉండగా, పశువుల ఆసుపత్రికి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు బండి ఆపాడు.

"మేడం, వెంకటప్పయ్య గారింట్లో ఆడవాళ్లు మీకు తెలుసంటగా? ఒకసారి రండి. ఎద్దు చచ్చేటట్టుంది, మనుషులు నోరు విప్పడంలేదు."

వెళ్లేసరికి రాజా చావిడిలో కాళ్లు చాపుకుని నిలబడి ఉంది. నిలబడటం అనకూడదు, పడకుండా ఆగి ఉంది. కళ్లు గుంటలు పడ్డాయి. ఎడమ డొక్క మీద డాక్టరు అరచేత్తో నొక్కితే కుండలో నీళ్లు కదిలినట్టు చప్పుడైంది. కింద పేడ నీళ్లలా, బూడిదరంగుగా, పుల్లటి వాసనతో ఉంది. నెమరు ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియదు. ఎవరూ చూడలేదు.

వెంకటప్పయ్య గారు అరవై దాటిన మనిషి. ఎన్నికల్లో రెండుసార్లు ఊరిని గెలిపించి ఒకసారి ఓడించిన మనిషి. ఆయన చేతిలో వెనిగర్ సీసా ఉంది.

"డాక్టరుగారూ, ఇది కడుపుజబ్బు కాదండీ. యూరియా కలిపారు. ఎవరు కలిపారో గూడా నాకు తెలుసు" అని గేటు వైపు చూశాడు.

గేటు దగ్గర ఊరు సగం చేరింది. ముందు వరసలో నాగయ్య ఉన్నాడు. వెంకటప్పయ్య గారి బాబాయి కొడుకు, పోటీలో ఎదుటి జత యజమాని.

"ఏంది అన్నయ్యా, నా మొహం వంక చూసి మాట్టాడతన్నావు?"

"నీ మొహంలో ఏముందిరా చూట్టానికి? నా గొడ్డు పడితే ఎవడికి లాభమో వాడి వంకే చూస్తా."

ఇద్దరి వెనకా మనుషులున్నారు. ఇద్దరి మనుషుల చేతుల్లోనూ పొలానికి తీసుకుపోయే సామాను ఉంది. మా వైపు మాటలు ఎక్కడనుంచి ఎక్కడికి పోతాయో నాకు తెలుసు. అక్కడ ఎద్దు ఒక్కటే ప్రమాదంలో లేదు.

డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. "యూరియా తిని ఉంటే వెనిగర్ పోయాలి. పిండి ఎక్కువై ఉంటే సోడా పోయాలి. వాసన, పేడ, డొక్క చూస్తే నాకు పిండే అనిపిస్తోంది. పులుపు చూసే కాగితం తెమ్మని మనిషిని పంపాను, వచ్చేసరికి ఆలస్యమైపోయేట్టుంది. ఈయనేమో రోజూ పెట్టేది తప్ప ఏమీ పెట్టలేదని ఒట్టేస్తున్నాడు. పిండి అయితే ఆ వెనిగర్ పోయగానే పోతుంది ఇది. తిన్నదెంతో తెలిస్తే కడుపు కడగాలా, కోయాలా అన్నది తేల్చుకుంటాను."

పక్కనే ఉన్న కొడుకు శ్రీను విని, "రెండూ కొంచెం కొంచెం పోస్తే పోలా సార్?" అన్నాడు. డాక్టరు అతని వంక చూసి, మళ్లీ ఎద్దు డొక్క మీద చెయ్యి వేశాడు.

నేను వెంకటప్పయ్య గారిని అడిగాను.

"బాబాయ్, నిన్న ఏం పెట్టారు?"

"రోజూ పెట్టేదే."

"రోజూ ఏం పెడతారు?"

"రోజూ పెట్టేదేనమ్మాయ్."

ఆయన కళ్లు మాత్రం నాగయ్య మీదే ఉన్నాయి. ఎద్దు చచ్చినా ఫరవాలేదన్నంత మొండితనం కాదది. ఆయన రెండో చెయ్యి రాజా గంగడోలు మీదే ఉంది. కానీ ఆ రహస్యం వాళ్ల నాన్నది. దాన్ని నాగయ్య వినే చోట చెప్పడం ఆయన నోటికి అలవాటు లేదు. తప్పు నాగయ్యది అయితే చెప్పాల్సిన పని ఉండదు. అందుకే యూరియా ఆయనకు అంత నమ్మకంగా కనిపించింది.

కొంచెం

నేను వంటింట్లోకి వెళ్లాను. వెంకటప్పయ్య గారి భార్య శేషమ్మ పొయ్యి ముందు కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"పిన్నీ, నిన్న రాజాకి నువ్వేమన్నా పెట్టావా?"

"నేనెందుకు పెడతానే? ఆయన పెట్టనిత్తే గదా" అంది. నేను కదల్లేదు. కాసేపటికి గొంతు తగ్గించింది. "పొంగలి పెట్టా. గెలవాలని అంకమ్మ తల్లికి మొక్కి వండా. తల్లి ప్రసాదం గదా, దానికేం చేసిద్ది?"

"ఎంత పెట్టావు?"

"కొంచెమే."

"ఏ గిన్నెతో?"

చూపించింది. ఆ గిన్నెలో వండితే నలుగురున్న ఇంట్లో రెండు పూటలు కూర్చుని తినొచ్చు. వండిన అన్నంలో ఎండు బియ్యం మూడో వంతు లెక్క. కిలోన్నర బియ్యం, అరకిలో బెల్లం అనుకున్నాను.

"ఆయనతో చెప్పమాకమ్మాయ్. ఆడవాళ్ల చెయ్యి పడితే గిత్త బలం పోద్దంటాడు."

"పాలు పిండేది ఎవరి చెయ్యి పిన్నీ?"

"అది గేదె" అంది శేషమ్మ.

బయటికి వస్తుంటే శ్రీను వరండాలో నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు. అడగకముందే చెప్పాడు.

"అక్కా, నాన్నకు చెప్పొద్దు. ఓట్సు, అరటిపళ్లు, గ్లూకోజు కలిపి పెట్టా. వీడియోలో చూశా. ఫారిన్లో రేసు గుర్రాలకు అదే పెడతారంట."

"ఇది గుర్రం కాదు గదా నాయనా."

"ఎనర్జీ ఎనర్జీయే గదక్కా."

"ఎంత పెట్టావు?"

"కొంచెమే."

ప్యాకెట్లు తెప్పించి చూశాను. కిలో.

చావిడి వెనక పాలేరు కోటయ్య గడ్డివాముకు ఆనుకుని కూర్చున్నాడు. ఆ మనిషి ఏడుపు దాచుకోలేదు.

"జొన్నపిండమ్మా. నిన్న పొద్దుగూకే ముందు పెట్టా. అది నా వంక చూసిద్దమ్మా. మనిషి చూసినట్టే చూసిద్ది. అట్టా చూత్తుంటే ఒట్టి చేతుల్తో ఎట్టా పోను?"

"ఎంత?"

"కొంచెం. చాటెడు."

చాట తెప్పించాను. రెండు కిలోలు పడుతుంది.

"చిట్టికి పెట్టలేదా?"

"దానికా? దగ్గరికి పోతే తన్నిద్ది."

ఆ తన్నే గుణమే చిట్టిని కాపాడింది. అది పక్కనే నిలబడి, కాస్త నలతగా ఉన్నా, తోకతో ఈగలు తోలుకుంటోంది.

"మరి చొప్ప ఎంత వేశారు?"

కోటయ్య నన్ను వింతగా చూశాడు. "చొప్పెందుకమ్మా? వారం కిందటే ఆపేశాం. కడుపు బరువెక్కితే బండేం లాగిద్ది?"

అందరూ ప్రేమగా ఏదో ఒకటి పెట్టారు. ఎవరూ పెట్టనిది, అది అడిగినా ఇవ్వనిది, ఎండు చొప్ప ఒక్కటే. నేను మనసులో కూడాను. ముగ్గురి కొంచాలూ కలిపి ఐదు కిలోలు. ఇది ఇంటాయన పెట్టింది కలపకుండా.

డాక్టరు ముందు, వెంకటప్పయ్య గారు వింటుండగా చెప్పాను. "ఎవరు పెట్టారని నన్నడగొద్దు బాబాయ్. మీది కాక ఐదు కిలోలు పోయింది దాని కడుపులోకి. మీదెంత?"

ఆయన ముందు నమ్మలేదు. భార్య వంక, కొడుకు వంక, కోటయ్య వంక చూశాడు. ముగ్గురూ మూడు వైపులకు చూశారు. అప్పుడు నమ్మాడు.

"అమ్మాయ్, ఇట్టా రా. చెవులో చెబుతా."

"నాకు కాదు బాబాయ్. డాక్టరుగారికి చెప్పండి."

"ముందు ఈళ్లందర్నీ పొమ్మను."

ఊరు కదల్లేదు. ఒక ముసలమ్మ అయితే ఇంకొంచెం ముందుకు వచ్చి కూర్చుంది. రాజా మోకాళ్లు వంగాయి. కోటయ్య పరుగున పోయి భుజం ఆనించాడు. డాక్టరు వెనిగర్ సీసా వెంకటప్పయ్య గారి చేతిలోంచి తీసుకుని గోడమీద పెట్టాడు.

"పెద్దాయనా, మీ రహస్యం రేపు కూడా ఉంటుంది. ఎద్దు ఉండదు."

వెంకటప్పయ్య గారు కళ్లు మూసుకుని, కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు, గట్టిగా చెప్పాడు. "మొక్కజొన్న పిండి. ఒక్కోదానికి మూడు కిలోలు. బెల్లం కిలో. ఉడకబెట్టిన ఉలవల నీళ్లతో కలిపి ముద్దలు చేసి పెడతా. మా నాన్న చెప్పాడు. పోటీకి మూడు రోజుల ముందు మొదలుపెట్టాల. నిన్ననే మొదలుపెట్టా."

గేటు దగ్గర నాగయ్య నవ్వాడు.

"ఇంతేనా అన్నయ్యా? ఇదా ఇన్నేళ్లూ పట్టాలు కట్టి దాచింది? మేం పెట్టేదీ అదే గదా! మీ నాన్న చెప్పకపోతే మా నాన్నకెట్టా తెలిసిద్ది, ఇద్దరూ ఒక్క తల్లి కడుపున..."

మాట మధ్యలో ఆగిపోయింది. నవ్వు కూడా ఆగిపోయింది. నాగయ్య ఒకసారి రాజా వంక చూశాడు. ఏదో గుర్తొచ్చిన మనిషిలా వెనక్కి తిరిగి తన చావిడి వైపు పరిగెత్తాడు. వెనక ఉన్న వాళ్ల మనుషులూ పరిగెత్తారు. ఆ విధంగా ఆ ఊళ్లో జరగాల్సిన గొడవ జరగలేదు. శాంతి కమిటీలు ఎన్ని కూర్చున్నా ఇంత తొందరగా జనాన్ని ఇళ్లకు పంపలేవు.

బాదం ఎరగని ఆవు

మొత్తం తొమ్మిది కిలోలని తేలగానే డాక్టరు చేతులు ఆగలేదు. లావుపాటి గొట్టం నోట్లోంచి కడుపులోకి దించి, నీళ్లు పంపి, వంచి, మళ్లీ పంపి కడిగాడు. పుల్లటి నీళ్లు, అరగని పిండి, పొంగలి మెతుకులు బయటికి వచ్చాయి. శేషమ్మ ఆ మెతుకులు చూసి లోపలికి వెళ్లిపోయింది. తర్వాత సోడా పోశాడు, నరానికి సెలైన్ ఎక్కించాడు. మధ్యాహ్నం దాటాక రాజా తల కాస్త నిలిపింది. కానీ కడుపు మాత్రం కదలడంలేదు.

"కడిగేశాం గదా, లోపల ఉండాల్సినవి కూడా లేవు. ఆరోగ్యంగా ఉన్న పశువు కడుపులో నీళ్లు కావాలి. ఒట్టి చొప్ప మీద బతికేది అయితే మంచిది. దాని కడుపులోవి ఇందులో పోస్తే మళ్లీ కాపురం మొదలవుతుంది" అన్నాడు డాక్టరు.

వెంకటప్పయ్య గారింట్లో పది పశువులున్నాయి. అన్నీ దాణా మీద బతికేవే. చిట్టి కూడా ఆ ముద్దలు తిన్నదే. ఊరి చివర చంద్రమ్మ ఆవు గుర్తొచ్చింది నాకు. చంద్రమ్మ మొగుడు నాపరాయి క్వారీలో కూలి. ఆవు గట్ల మీద గడ్డీ, ఎవరైనా పారేసిన చొప్పా తిని రెండు లీటర్లు ఇస్తుంది. మా కంపెనీ దాణా సంచి ఆ ఇంటి గడప ఎప్పుడూ తొక్కలేదు. ఎన్నిసార్లు అమ్మబోయినా చంద్రమ్మ ముందు నీళ్లిచ్చి తర్వాత పొమ్మనేది.

చంద్రమ్మ ఆవును తోలుకుని వచ్చింది. పెద్దింటి గేటు లోపలికి ఆ ఆవు రావడం అదే మొదటిసారి. మేత గాడి దగ్గర ఆగి, రాలిన ఉలవలు వాసన చూసి, వద్దనుకుని, గోడ పక్కన గడ్డి పరక కొరికింది.

"ఏందయ్యా వెంకటప్పయ్యా, పోయిన నెల మా ఆవు మీ చేలో అడుగు పెట్టిందని బందెలదొడ్డికి తోలించావు. ఇయ్యాల నీ ఎద్దు కడుపులోకే రమ్మంటన్నావు" అంది చంద్రమ్మ.

"తోలించింది నేను కాదు చంద్రమ్మా, కోటయ్య."

"నువ్వు చెప్తేనే గదయ్యా తోలా!" అన్నాడు కోటయ్య, రాజాకు ఆనించిన భుజం తీయకుండానే.

వెంకటప్పయ్య గారు తువ్వాలు భుజం మీదనుంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. చంద్రమ్మకు అది చాలింది. "కానీండి డాక్టరుగారూ. మా దానికి బాదం పెట్టలా, జీడిపప్పు పెట్టలా. దాని కడుపులో ఉన్నదంతా మీ ఊరు పారేసిందే" అంది.

ఆ ఆవు కడుపులోంచి పచ్చటి, గడ్డివాసన కొట్టే నీళ్లు తీసి, గుడ్డలో వడకట్టి, వెచ్చదనం పోకముందే రాజా కడుపులోకి దించారు. సాయంత్రం మళ్లీ ఒకసారి దించారు. చంద్రమ్మ తన ఆవు తాడు పట్టుకుని అక్కడే కూర్చుంది. వెంకటప్పయ్య గారు ఎదురుగా కింద కూర్చున్నాడు. అందరూ ఎద్దు దవడ వంకే చూస్తున్నారు. అంతకుముందు ఎవరూ చూడని చోటు అది.

తెల్లారి నేను వెళ్లేసరికి రాజా పడుకుని ఉంది. దవడ కదులుతోంది. పదిసార్లు నమిలి మింగింది. పది చాలా తక్కువ. కానీ కోటయ్య వచ్చి నా చెయ్యి పట్టుకుని, "పదిసార్లమ్మా! పదిసార్లు!" అన్నాడు.

పోటీ మాట

రాజా బతికింది కానీ బండ లాగలేదు. గిట్టలు దెబ్బతిన్నాయి. ముందుకాళ్లు గాజుపెంకుల మీద వేసినట్టు వేసేది. తిరునాళ్లకు వెంకటప్పయ్య గారి జత వెళ్లలేదు. నాగయ్య జత వెళ్లింది, ముందురోజుల్లో పిండి ఆపి చొప్ప వేసి తీసుకుపోయారు, నాలుగోదిగా వచ్చింది. ఓడినందుకు చొప్పను తిట్టాడు. ఇంటికి క్షేమంగా తిరిగొచ్చినందుకు మాత్రం దాన్ని పొగడలేదు.

ఇక్కడ కొత్తవాళ్లకు చెప్పాల్సింది ఒకటే. పశువు పడిపోయిన ఇంటికి వెళ్తే ఏం పెట్టారు అని అడగకండి. దానికి ప్రతి ఇంట్లోనూ ఒకటే జవాబు. ఎవరెవరు పెట్టారు అని అడగండి, ఒక్కొక్కరిని విడిగా అడగండి, ఏ గిన్నెతో పెట్టారో చూపించమనండి. కొంచెం అనేది తూకం కాదు, మనసు. మనసును కాటా మీద పెట్టి చూస్తే తప్ప పశువును కాపాడలేం. అది ఆకలితో చావడం ఈ రోజుల్లో నేను చూడలేదు. ప్రేమతో చావడం చాలా చూశాను.

కుంటి ఎద్దును అమ్మేస్తారనుకున్నాను. కొనడానికి వచ్చినవాడిని వెంకటప్పయ్య గారు గేటు దగ్గరనుంచే పంపేశాడు. కొత్త జత వచ్చింది. ఇంట్లో వాళ్లందరి ప్రేమా కొత్త జత మీదికి మళ్లింది. రాజాను చావిడి బయట, గడ్డివాము పక్కన కట్టేశారు. దానికి ఎవరూ పొంగలి పెట్టలేదు, ఎవరూ వీడియో చూడలేదు. గిట్టలు చెక్కించి, చొప్ప వేసి, నీళ్లు పెట్టి వదిలేశారు. ఏడాది తిరిగేసరికి దాని ఒళ్లు అద్దంలా తయారైంది.

ఉద్యోగం మానే ముందు ఆ ఊరు చివరిసారి వెళ్లినప్పుడు వెంకటప్పయ్య గారు రాజా పక్కన మంచం వేసుకుని కూర్చున్నాడు. రాజుపాలెం వైపునుంచి ఒక నడివయసు ఆసామి వచ్చి ఉన్నాడు. గిత్తలు మేపడంలో మెలకువలు అడగడానికి వచ్చాడట. కొత్త జతను అతనికి చూపించలేదు. అతని చూపు మాత్రం రాజా మీదే ఉంది.

"పెదనాన్నా, ముసలిదానికి ఈ నిగారింపు ఎట్టా వచ్చింది? ఏం పెడతన్నావు?"

"జొన్నచొప్ప, వరిగడ్డి. గుప్పెడు తవుడు" అన్నాడు వెంకటప్పయ్య గారు.

ఆసామి నవ్వాడు. "చెప్పకపోతే మానె. నేనేమన్నా చిన్నపిల్లోణ్ణా?"

"నిజంరా అబ్బాయ్. ఒట్టి చొప్ప."

"అదే గదా పెదనాన్నా, మీ ఇంటి సంగతి మాకు తెలవదా? మీ తాత నాటినుంచీ చెప్పరంటగా."

వెంకటప్పయ్య గారు మంచం మీదనుంచి లేచాడు. "దీని మీద ఒట్టు. చొప్ప తప్ప ఏం పెట్టటంలా!"

"ఒట్టు కూడా ఏస్తన్నావంటే చానా పెద్ద మందే అయ్యుండాల" అని ఆసామి నా వైపు తిరిగాడు. "మేడం, కంపెనీ వాళ్లు గదా, మీరన్నా చెప్పండి."

"చొప్పేనండీ" అన్నాను.

ఇద్దరం కూడబలుక్కున్నామని అతనికి అర్థమైపోయింది. మర్యాదస్తుడు, ఇద్దరికీ నమస్కారం పెట్టాడు. వెళ్తూ వెళ్తూ రాజా ముందున్న చొప్పలోంచి ఒక గుప్పెడు తీసి వాసన చూశాడు. వెలుతురుకి పట్టి అటూఇటూ తిప్పి చూశాడు. జాగ్రత్తగా మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని, మోటారుసైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు.